ఊ కొట్టే మనిషి

సత్తమ్మ ఊ కొడితే కథకు కాళ్లొచ్చేవి.

ఊ కొట్టడానికేముంది, నోరున్న ప్రతివాళ్లూ కొడతారనుకుంటాం. కాదండీ. కొందరు ఊ కొడుతూనే కునుకు తీస్తారు. కొందరు చెప్పేవాళ్ల మాట పూర్తి కాకముందే ఊ ఊ అని తరుముతారు. సత్తమ్మ ఊ సరిగ్గా చెప్పే మనిషి ఊపిరి తీసుకునే చోట పడేది. కథలో పిల్ల నది ఒడ్డున నిలబడితే ఒక రకం ఊ, కోట తలుపు తెరుచుకుంటే మరో రకం. భయమైతే గొంతులోనే చిన్నగా, కోపమొస్తే ముక్కులోంచి గట్టిగా. ఆ ఊ వినడానికే పక్కన పనిచేసే బాను కథ చెప్పేదన్నా అబద్ధం కాదు.

శామీర్‌పేట దాటాక అలియాబాద్ వైపు, రోడ్డుకు కాస్త లోపలగా ఉండే హ్యాచరీని చుట్టుపక్కల వాళ్లు పిల్లల కంపెనీ అంటారు. కొత్తవాళ్లు ఆ పేరు విని అనాథాశ్రమం అనుకుని జాలిపడతారు. అక్కడ పుట్టేవి కోడిపిల్లలు. యంత్రాల్లో గుడ్లు పగిలిన రోజున ట్రేలకు ట్రేలు పచ్చగా కిచకిచలాడుతూ రేకు బల్ల మీదికి వస్తాయి. బల్లకు అటూ ఇటూ ఆడవాళ్లు నిలబడి ఏరాలి. ఎడమచేత్తో పిల్లను ఎత్తాలి, బొటనవేలితో బొడ్డు తడమాలి, కళ్లు చూడాలి, బల్ల మీద నిలబెట్టాలి. నిలబడితే అట్టపెట్టెలోకి. కాళ్లు పక్కలకు చీలిపోయి బోర్లా పడితే నీలం డ్రమ్ములోకి. డ్రమ్ము నిండాక ఏం చేస్తారని ఎవరూ అడగరు. అడిగితే చెప్తారు గనక అడగరు.

పొద్దున్నుంచి నిలబడితే కాళ్లు గుంజుతాయి. నూగు ముక్కులోకి పోయి ఒకటే తుమ్ములు. షహర్ బాను చేరాకే ఆ బల్లకు కాస్త కళ వచ్చింది. అలియాబాద్ చౌరస్తాలో సైకిళ్లకు పంక్చర్లు వేసే మన్నాన్ కూతురు. ఇంటర్ అయ్యాక చదువు ఆగింది గానీ బుర్రలో కథ ఆగలేదు. మొదటి పుస్తకం, రెండో పుస్తకం అని పేర్లు పెట్టి మరీ చెప్పేది. ఆ పుస్తకాలు అచ్చయినవి కావు సరికదా, ఒక్క ముక్కయినా కాగితం మీద పెట్టినవీ కావు. బల్ల దగ్గర మొదలై బల్ల దగ్గరే ముగిసేవి.

ఆ కథలో ఒక రాజు ఉన్నాడు. జనం నీడల్ని గుంజుకుని కోటలో దాచుకుంటాడు. నీడ పోయినవాణ్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. పోయిన నీడను తెచ్చి మనిషికి తిరిగి కుట్టే విద్య చాందిని అనే పదహారేళ్ల పిల్లకే వచ్చు. నీడ లేనివాళ్లను గుట్టుగా నది దాటించే పడవ అవ్వ ఆ పిల్లకు తోడు. మొదటి పుస్తకమంతా చాందిని ఒక్క తప్పు చేయలేదు, ఒక్క అబద్ధం ఆడలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఆ పిల్లను నెత్తిన పెట్టుకున్నారు.

"గా పడవ అవ్వ మన సత్తమ్మనే కదనే?" అని ఎదురుగా నిలబడే దుర్గాబాయి ఆటపట్టించేది.

"నాకు పడవ యాడిదే? ఉన్న ఒక్క వల మా ఆయనతోనే పోయింది," అనేది సత్తమ్మ. అంటూనే బల్ల మీద బోర్లా పడిన పిల్లను చేతిలోకి తీసుకుని, డ్రమ్ము వైపు వంగినట్టు వంగి, కాళ్ల దగ్గరున్న సద్ది గిన్నెలో వేసేది. ఆ గిన్నె మూతకు మేకుతో పొడిచిన చిల్లులు ఉండేవి. పక్కన నిలబడే బాను ఒక్కతే అది చూసింది.

"ఏం జేస్తవ్ పెద్దమ్మా వీటిని?" అని ఒకసారి రహస్యంగా అడిగింది.

"ఏం జేస్త? వల దారం మిగిలింది గదా. రెండు కాళ్లు దగ్గరకు దెచ్చి వదులుగ కడ్త. నాలుగొద్దులు గట్ల ఉంచితె కాళ్లు సక్కగైతయి. కొన్ని నడుస్తయి, కొన్ని సస్తయి. డ్రమ్ముల ఏస్తె అన్ని సస్తయి గద బిడ్డా." ఆ పైన నవ్వి, "జల్దీ చెప్పు, పిల్ల కోటలకు పొయిందా లేదా?" అంది.

పనివాళ్లెవరూ ఇంట్లో కోళ్లను పెంచకూడదన్నది పిల్లల కంపెనీ కట్టడి. చేరేటప్పుడే చెప్తారు. ఆ సంగతి సత్తమ్మకూ తెలుసు, బానుకూ తెలుసు.

ఆ సోమవారం తెలంగాణ బందు. ఆ ఏడాది బందులు ఎక్కువ. పెట్టెలు ఎక్కించుకోవలసిన వ్యాన్లు గేటు దాటలేకపోయాయి. నింపిన పెట్టెలన్నీ గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చి, మిగిలిన ట్రేలు మర్నాడు ఏరమని ఆడవాళ్లను ఇంటికి పంపేశారు. మర్నాడు వ్యాన్లు కదిలాక చూస్తే పెట్టెలు తక్కువొచ్చాయి. సూపర్‌వైజర్ పరమేశ్ మొహం మాడిపోయింది. మధ్యాహ్నం అన్నాలు తింటుండగా మనిషిని పంపించి బానును తన గదికి పిలిపించుకున్నాడు.

గదిలో కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. పిల్లల కంపెనీలో బానును ఎవరైనా కూర్చోమనడం అదే మొదలు. ఆ పిల్ల కుర్చీ అంచున ఆనీ ఆనకుండా కూర్చుంది.

"నువ్వు సదువుకున్న పిల్లవు," అని మొదలుపెట్టాడు పరమేశ్.

"ఊ," అంది బాను.

"సూది బల్ల కాడ ఒక జాగ ఖాళీ అయితాంది. మెడ కింద తోలు లేపి టీకా సూది పొడుసుడే. పొద్దుందాక కూసోని జేసే పని. నీ పేరు రాద్దామనుకుంటున్న."

"ఊ."

"నాకు నమ్మకమైన మనిషి గావాలె. సార్ ఫోన్ల నన్ను పరేషాన్ జేస్తున్నడు. పిల్లలు ఎటు పోతున్నయని అడుగుతున్నడు. నేనేం జెప్పాలె?"

"ఊ."

పెద్దవాళ్లు మాట్లాడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే ఏం బాగుంటుంది? కథ చెప్పే పిల్లకు వినేవాళ్లు ఊ కొట్టాలన్నది వెన్నతో పెట్టిన విద్య. అందుకని ఊ కొడుతూనే ఉంది. పరమేశ్ మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు తగ్గించాడు.

"గా సత్తమ్మ పిల్లల్ని బయటికి కొండవోతాంది. నువ్వు పక్కనే ఉంటవ్. సూసినవ్. గంతే గదా?"

"ఊ," అంది బాను.

పరమేశ్ కుర్చీలో వెనక్కి వాలి, "సరే, పో. అన్నం తిను," అన్నాడు. ఆ గొంతులో ఎంత హాయి ఉందో! బాను లేచి బయటికి వచ్చింది. అవిటి పిల్లలు సార్, డ్రమ్ములో వేసేవి సార్ అనాలనుకుంది. అనాలంటే మళ్లీ తలుపు నెట్టి లోపలికి పోవాలి. పోలేదు.

సాయంత్రం అందరూ ఇళ్లకు పోతుండగా గేటు దగ్గర, పరమేశ్ ఎదుటనే, వాచ్‌మన్ గాలయ్య సత్తమ్మ సద్ది గిన్నె తెరిపించాడు. అడుగున ఒకే ఒక్క పిల్ల, కాళ్లు చీలిపోయి, వెలుతురు చూసి కిచమంది. పెట్టెలకు పెట్టెలు పోయిన లెక్క ఆ ఒక్క అవిటి పిల్ల మీద పడింది.

"మంచి పిల్ల మీద చెయ్యేసిన దాన్ని కాదు సారూ. గిది సచ్చేది. సూడుండ్రి దీని కాళ్లు," అంది సత్తమ్మ.

"దొరికినంక అందరు గట్లనే అంటరు. రేపటికెల్లి రాకు," అన్నాడు పరమేశ్.

"ఎవలు జెప్పిన్రు?"

పరమేశ్ బాను వైపు చూశాడు. చూసి ఊరుకుంటే పోయేది. "మీ కథల పిల్లనే. ఊ అన్నది."

సత్తమ్మ తిరిగి చూసింది. ఆ మొహంలో కోపం లేదు, ఎక్కడో తప్పు విన్నానన్న అనుమానం ఉంది. "ఊ అన్నవా బిడ్డా?" అని అడిగింది.

బాను గిన్నె మూత వైపు చూసింది. నోరు విప్పితే ఏం వస్తుందో తనకే తెలియలేదు. సత్తమ్మ ఖాళీ గిన్నెకు మూత పెట్టుకుని, పొటాషు నీళ్ల తొట్టిలో కాళ్లు తడుపుకుంటూ గేటు దాటిపోయింది. ఆ తొట్టి, బయటి తెగుళ్లు రాకుండా లోపలికి వచ్చేటప్పుడు దాటాల్సింది. అలవాటు కొద్దీ పోయేటప్పుడూ దాటింది.

గురువారం మళ్లీ గుడ్లు పగిలాయి. బల్ల దగ్గర సత్తమ్మ నిలబడే చోటు ఖాళీగా ఉంది. ఎవరూ అక్కడికి జరగలేదు. చివరికి కొస నుంచి ఎవరో, "కథన్న చెప్పవే బానూ, చేతులు సాగుతలేవు," అన్నారు.

బాను మొదలుపెట్టింది. చాందిని కోట గోడ దిగి నది వైపు పరుగెత్తుతోంది. వెనక రాజు మనుషులు. అక్కడ ఆగింది. ఊ రాలేదు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దుర్గాబాయి "ఊ" అంది, బాను రెండో మాట ఎత్తుకున్నాక. మళ్లీ ఇంకోచోట, అనకూడని చోట అంది. కథ మెట్టు మెట్టుకూ తట్టుకుని పడుతోంది. పొద్దున బస్సులో వస్తూ బాను అనుకున్న కథ వేరే. చాందిని పట్టుబడకుండా పడవ ఎక్కుతుంది, అవతలి ఒడ్డున కొత్త ఊరు కనపడుతుంది. నోటి వెంట వచ్చింది మాత్రం అది కాదు.

"రాజు మనుషులు చాందినిని పట్టుకున్నరు. కొట్టలేదు, తిట్టలేదు. మంచిగ కూసోబెట్టిన్రు. నీడలేనోళ్లను దాటిచ్చేది పడవ అవ్వనే గదా అని అడిగిన్రు." కోడిపిల్ల కాళ్లు పట్టుకున్న బాను చేయి ఆగిపోయింది. "చాందిని ఊ అన్నది."

బల్ల చుట్టూ చేతులన్నీ ఆగాయి.

"థూ!" అంది దుర్గాబాయి. "గంత మంచి పిల్లను ఖరాబ్ చేసినవ్ గదనే! గా పిల్ల ఎందుకంటది? పానం బోయినా అనదు. నువ్వే చెప్తివి మొదటి పుస్తకంల."

"గప్పుడు ఆమెను ఎవ్వలు అడగలే," అంది బాను.

"అడిగితె మాత్రం? కథల పిల్ల గూడ మన లెక్కనే చేస్తె ఇగ కథెందుకు?"

"మల్ల మంచిగ చెయ్యి," అన్నారు ఇంకెవరో బతిమాలుతూ. "గా మాట అనలేదని చెప్పు. రెండో పుస్తకం మల్ల మొదటికెల్లి మొదలువెట్టు."

"అన్నది గదా," అంది బాను. "అన్నదాన్ని అనలేదని ఎట్ల చెప్పాలె?"

అప్పుడు అర్థమైంది అందరికీ, ఇది ఏ కథో. తలలు వంచుకుని పిల్లల్ని ఏరడంలో పడ్డారు. అన్నాల వేళకు చేతులు కడుక్కునే కుళాయి దగ్గర దుర్గాబాయి బాను పక్కకు వచ్చి నిలబడింది.

"నీకొక మాట చెప్త. నేను చెప్పిన్ననకు. సత్తమ్మ తీస్కపోలే గా పెట్టెలు. బందు దినం రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ల డీజిల్ లేకుండె. పరమేశ్ సారు తెప్పియ్యలే. ఫ్యాన్లు ఆగి పిల్లలు ఊపిరాడక సచ్చినయి. పొద్దుగాల నన్ను, గాలయ్యను జల్దీ రమ్మని పిలిపిచ్చి ఎన్క గుంతల పూడిపిచ్చిండు. సున్నం నేనే సల్లిన."

"గీ మాట పెద్ద సార్‌కు చెప్దాం నడు," అంది బాను చేయి పట్టుకుని.

దుర్గాబాయి చేయి విడిపించుకుంది. "నేనేం సూడలే. నాకు ముగ్గురు పిల్లలు."

ఆ సాయంత్రం మన్నాన్ దుకాణం కట్టేసి, చేతులకంటిన గ్రీజు కిరసనాయిలుతో తుడుచుకుంటుంటే బాను ఎదురుగా కూర్చుని జరిగినదంతా చెప్పింది. "ఊ అన్న అబ్బా, గంతే. వింటున్నననడానికి అన్న. ఔనని అనలే. ఆయనే గట్ల రాసుకున్నడు."

మన్నాన్ నవ్వాడు. నవ్వు రావలసిన చోటు కాదు, అయినా నవ్వాడు. "మీ అమ్మీ నిఖాల ఏమన్నదో ఎర్కేనా బేటా? ఖాజీ సాబ్ మూడుసార్లు అడిగిండు, ఖబూలేనా, ఒప్పుకుంటున్నవా అని. సిగ్గుకు తల ఎత్తలే మీ అమ్మీ. ఖబూల్ అన్న మాటే రాలే నోట్లెకెల్లి. హూఁ అన్నది. మూడుసార్లు హూఁ. ఖాజీ సాబ్ రాసుకున్నడు. గా హూఁ మీదనే గిన్నేండ్లు సంసారం జేసినం. గా హూఁ మీదనే నువ్వు పుట్టినవ్." గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. "మీ అమ్మీ వింటున్నన్న లెక్కన అన్నదో, ఔననే అన్నదో, నేనేనాడు అడగలే. అది ఆమెకే ఎర్క. నీది నీకే ఎర్క ఉంటది."

"సార్‌కు పోయి చెప్తె?"

"చెప్పు. మల్ల ఒకసారి ఆలోచన జేసి చెప్పు. నోట్లెకెల్లి వచ్చింది వాపస్ రాదు."

బాను ఆలోచించింది. శుక్రవారమంతా అదే ఆలోచన. పెద్దమ్మను పనిలోకి మళ్లీ తీసుకునేట్టు చేయగలిగితే చాలు, తన ఊ సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకుంది. సత్తమ్మ బల్ల దగ్గరికి తిరిగి రావాలి. అంతకుమించి ఆ పిల్లకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

యజమాని జానకిరామయ్య శనివారాలు వస్తాడు. మనిషి మెత్తన, గొంతు పెంచి ఎరగడు. బాను తలుపు దగ్గర నిలబడి అంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. సత్తమ్మ దొంగ కాదు, పెట్టెలు ఆమె తీయలేదు, పిల్లలు ఊపిరాడక చచ్చిపోయాయి. పరమేశ్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"చచ్చిపోవడం నువ్వు చూశావా అమ్మాయ్?" అని అడిగాడు జానకిరామయ్య.

"లేదు సార్."

"ఎవరు చూశారు?"

కుళాయి దగ్గర విడిపించుకున్న చేయి గుర్తొచ్చింది. బాను తల దించుకుంది. "తెల్వదు సార్."

"నువ్వు చూసింది చెప్పు. సత్తమ్మ పిల్లల్ని తీసుకెళ్లడం చూశావా?"

"అవి అవిటియి సార్! డ్రమ్ముల పారేసేటియి. కాళ్లకు దారం కట్టి ఇంట్ల సాదుకుంటది. గంపకింద పెట్టుకుంటది. మంచి పిల్లల్ని ముట్టలే సార్, ఒట్టు."

"ఇంట్లో పెంచుతోందా?" జానకిరామయ్య కళ్లజోడు తీశాడు. "ఎన్నాళ్ల నుంచి?"

అప్పటికి గానీ బానుకు తానేం చెప్పిందో తెలియలేదు.

"చూడమ్మా, ఆవిడ మంచిదే కావచ్చు. కానీ ఇంట్లో కోళ్లకు ఏ తెగులొచ్చినా అది ఆవిడ చేతులతో, కాళ్లతో ఇక్కడికి వస్తుంది. నీకు కోపం రావచ్చు గానీ, వారంలో షెడ్లన్నీ ఖాళీ అయిపోతాయి. మీ అందరి పనీ పోతుంది. ఊరికే పెట్టిన రూలు కాదది." పరమేశ్ వైపు తిరిగాడు. "ఇవాళే మనుషుల్ని పంపించు. అక్కడున్నవన్నీ తీసేసి మందు కొట్టించు." మళ్లీ బానుతో, "దాచకుండా వచ్చి చెప్పావు. సంతోషం. ఈ అమ్మాయేనా సూది బల్లకు నువ్వన్నది? సోమవారం నుంచి కూర్చోబెట్టు," అన్నాడు.

వరండాలో పరమేశ్ ఆమెను అందుకున్నాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. "నా నౌకరీ పోతుండె గియ్యాల," అన్నాడు నుదురు తుడుచుకుంటూ. "డీజిల్ నేను తెప్పియ్యలే, నిజమే. నెల కింద కూడ గిట్లనే అయితె మాఫ్ జేసిండు, మల్లయితె ఇంటికే అన్నడు. నేనేం జెయ్యాలె చెప్పు బానూ?"

అతని కళ్లల్లో నీళ్లు చూసి ఆ పిల్లకు ఒళ్లు మండిపోయింది. మండిపోతూనే అతను అడిగిన దానికి జవాబు తనకు తెలియదని గ్రహించింది. ఈసారి మాత్రం ఊ అనలేదు.

ఆదివారం పొద్దువాటారుతుండగా బాను శామీర్‌పేటలో సత్తమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయింది. వెతుక్కోనక్కర్లేకపోయింది. మందు వాసన సందు మొగలోనే ముక్కుకు కొట్టింది. వాకిట్లో సత్తమ్మ పెద్ద గంపను బోర్లించి నీళ్లు పోసి పీచుతో తోముతోంది. అది అప్పటికే తెల్లగా ఉంది.

"పెద్దమ్మా."

సత్తమ్మ తోమడం ఆపలేదు. "నువ్వు పోయి చెప్పినవట."

"నిన్ను మల్ల తీస్కుంటరనుకున్న పెద్దమ్మా. మంచియి కాదు, అవిటియే అని చెప్పిన. నీకు మంచి జేద్దామనే పోయిన."

"నువ్వు చెప్పినంకనే వచ్చిన్రు." పీచును నీళ్లలో ముంచి పిండింది. "గోనె సంచులు తెచ్చిన్రు. తెల్ల పెట్ట గుడ్లకొచ్చింది. నడుస్తదనుకోలే దాన్ని, డ్రమ్ములకెల్లి తెచ్చిన దినం. అది కుంటుకుంట సంచి దాక తనే పోయింది, గింజలు ఏస్తరనుకున్నదో ఏమో. నా ఇంట్ల పొదిగిన నాటు పుంజును గూడ ఇడ్సలే. సోమవారం తెచ్చిన పిల్లలకు దారాలన్న ఇప్పనియ్యుండ్రి అన్న. వినలే. దారాలతోనే పోయినయ్."

బాను అక్కడే, తడి నేల మీద కూలబడి ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. సత్తమ్మ ఓదార్చలేదు, పొమ్మనలేదు. గంపను రెండోవైపు తిప్పి తోముతూ కూర్చుంది.

దారి పొడుగునా బాను ఒక మాట సిద్ధం చేసుకుంటూ వచ్చింది. వింటున్నానని ఊ అన్నాను పెద్దమ్మా, నువ్వు నాకు కొట్టినట్టే కొట్టాను, అందులో ఏమీ లేదు. చక్కటి మాట. ఎవరైనా నమ్ముతారు. ఎన్నో నెలలు ఊ కొట్టిన మనిషి ఎదురుగా అది నోట్లోంచి రాలేదు.

"గా దినం నేనన్న ఊ," అంది చివరికి, "ఔననే అన్న పెద్దమ్మా. సూది బల్ల కాడ కూసోవాలనిపిచ్చింది. నా కాళ్లు గుంజుతుండె. అవిటియి అని చెప్తె ఆయన మనసు మారుతదేమో అని చెప్పలే."

పీచు ఆగింది. సత్తమ్మ మొదటిసారి తలెత్తి చూసింది.

"ఇగ గిది చెప్పినవ్," అంది. చెరువు వైపు నుంచి గాలి వచ్చింది, మందు వాసన కాస్త పలచబడింది. "కూసుంటున్నవా మరి?"

"రేపటికెల్లి." బాను చెంపలు తుడుచుకుంది. "వద్దంటవా?"

"నేనెందుకంట? కూసో. నిలవడి నిలవడి నా కాళ్లు ఎట్లయినయో సూస్తలేవా?"

తిట్టినా బాగుండేది. ఎక్కడ చూడాలో తెలియక బాను గంప వైపు చూసింది. గంప పుల్లల సందులో తెల్ల దారం ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. సత్తమ్మ కూడా దాన్ని చూసింది. గోటితో లాగి, పారేయబోయి, మళ్లీ వేలికి చుట్టుకుంది.

"దుర్గాబాయి చెప్పింది, నీ కథల పిల్లను ఖరాబ్ చేసినవట గదా."

"నేను చెయ్యలే. అట్లనే వచ్చింది."

"పడవ అవ్వ ఏమైంది?"

"పట్టుకపోయిన్రు. నీడ గుంజుకున్నరు. పడవ కాలవెట్టిన్రు."

"మరి గా పిల్ల?"

కథ అడిగితే చెప్పాలి. బాను గొంతు సవరించుకుంది. "చాందినికి కోటల గది ఇచ్చిన్రు. పట్టు బట్టలు ఇచ్చిన్రు. ఆమె ఉండలే. నది ఒడ్డుకు వచ్చింది." ఆగింది. ఊపిరి తీసుకునే చోటు అది. సత్తమ్మ నోరు విప్పలేదు. ఊ లేకుండా కథ చెప్పడం బానుకు చేతకాదు, ఎన్నడూ చెప్పలేదు. అయినా చెప్పింది. "ఒడ్డున అవ్వ కూసోని ఉంది. నీడ లేదు. ఎవ్వలు గుర్తువడ్తలేరు. చాందిని గుర్తువట్టింది. తన చేతులతోనే ఎందరి నీడలో కుట్టింది గదా, గీ నీడ గూడ కుడ్తననుకున్నది." మళ్లీ ఆగింది. మళ్లీ ఏమీ లేదు. "కుట్టనీకి నీడ లేదు. రాజు దాన్ని కాలవెట్టిండు."

"ఇగ కుట్టరాదా?"

"రాదు."

"మూడో పుస్తకంల గూడ?"

బాను అనుకుంటే రాజును ఓడించవచ్చు. బూడిదలోంచి నీడను లేపే మంత్రం ఒకటి కల్పించవచ్చు. దుర్గాబాయి సంతోషిస్తుంది, బల్ల చుట్టూ అందరూ సంతోషిస్తారు. "మూడో పుస్తకంల గూడ రాదు పెద్దమ్మా."

"మరి పిల్ల ఏం జేస్తది?"

"పోదు. గా ఒడ్డుమీదనే ఉంటది. అవ్వ మాట్లాడదు. పిల్ల దినాం వచ్చి, నేనే చెప్పిన అవ్వా, అంటది."

సత్తమ్మ వేలికి చుట్టుకున్న దారాన్ని విప్పింది, మళ్లీ చుట్టింది. ఎదురింటి దీపం వెలిగింది. బాను ఇక ఎదురుచూడటం మానేసి తరువాతి మాట కోసం తడుముకుంటుండగా, సరిగ్గా ఊపిరి తీసుకునే చోట, గొంతులోనే చిన్నగా వినపడింది.

"ఊ."

బాను ఉలిక్కిపడి చూసింది. సత్తమ్మ ఆమె వైపు చూడటం లేదు, గంప వైపు చూస్తోంది. అది వింటున్నాననా, ఔననా, ఇక చాలు పొమ్మనా? అడిగితే చెప్పేదేమో. అడగలేదు. ఎదుటి మనిషి ఊ ను తనకు కావలసినట్టు రాసుకోవడానికి తాను ఖాజీ కాదు, పరమేశ్ అంతకన్నా కాదు. చీకటి పడుతోందని, చివరి బస్సు పోతుందని తెలిసి కూడా, చాందిని మర్నాడు మళ్లీ ఒడ్డుకు వచ్చిందని చెప్పడం మొదలుపెట్టింది.